నలుగురి కళ్ళు, అన్నా కరేనినా

శ్రోతలకు నమస్కారం.

రేణిగుంట జంక్షన్‌లో రాత్రిపూట బండి ఆగితే, వెనకటి రోజుల్లో ఒక మనిషి లాంతరు పట్టుకుని వంగి నడుస్తూ చక్రం చక్రానికీ సుత్తితో ఒక దెబ్బ వేసి వెళ్ళేవాడు. ఖంగుమంటే చక్రం బాగున్నట్టు. చప్పుడు బొంగురుపోతే ఎక్కడో పగులున్నట్టు. నిద్రమత్తులో ఆ చప్పుడు విన్నవాళ్ళు మన జిల్లాలో ఇంకా ఉంటారు. మాస్కో నుంచి పీటర్స్‌బర్గ్ వెళ్ళే రైలు ఒక రాత్రి మంచు తుఫానులో నడిదారి స్టేషన్లో ఆగినప్పుడు, పెట్టెలో ఉక్కపోసి కిందికి దిగిన ఒక స్త్రీ విన్నదీ ఆ చప్పుడే. వంగిన మనిషి నీడ ఆమె కాళ్ళ దగ్గరగా జారిపోతుంది. ఇనుము మీద సుత్తి మోగుతుంది. ఇంకాసేపటికి మిలిటరీ కోటు వేసుకున్న ఒక యువకుడు ఆమె ఎదుట నిలబడతాడు. ఈ బండిలో మీరెందుకు వస్తున్నారని ఆమె అడిగితే, మీరున్నచోట ఉండాలని అంటాడు.

ఆమె పేరు అన్నా కరేనినా. మన చెవులకు ఎవరో పెద్దవాణ్ణి పిలిచినట్టుంటుంది గానీ, రష్యన్లకు అది ఆడపేరు. లియో టాల్‌స్టాయ్ ఈ నవల 1873 మార్చిలో మొదలుపెట్టాడు. అంతకు ఏడాది ముందు, 1872 జనవరిలో, ఆయన పొరుగు భూస్వామి ఇంట్లో ఉంటూ వచ్చిన ఒక స్త్రీ, అతను తనను కాదని ఇంకొకరిని చేసుకోబోతున్నాడని రైలు కింద పడి ప్రాణం తీసుకుంది. ఆమె పేరూ అన్నాయే. శవపరీక్ష జరిగే చోటికి టాల్‌స్టాయ్ వెళ్ళి చూసివచ్చాడు. నవల 1875 జనవరి నుంచి 1877 ఏప్రిల్ దాకా ఒక మాసపత్రికలో విడతలు విడతలుగా వచ్చింది. ఎనిమిది భాగాలు, 239 అధ్యాయాలు. అధ్యాయాలు చాలావరకు చిన్నవే. రోజుకు రెండు చదివితే నాలుగు నెలల్లో పూర్తవుతుంది. అప్పటి పాఠకులకు రెండేళ్ళకు పైగా పట్టింది కాబట్టి మనం తొందరపడనక్కర్లేదు.

చాలామంది యాభయ్యో పేజీ దగ్గరే పుస్తకం మూసేస్తారు. కారణం పేర్లు. ఒకే మనిషిని ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట తండ్రి పేరు కలిపి, ఇంకోచోట ముద్దుపేరుతో పిలుస్తుంటారు. దీనికి మన వరసలే మందు. ఒక కాగితం మీద ఇలా రాసి పుస్తకంలో పెట్టుకోండి. స్తీవా అన్నాకు తోడబుట్టినవాడు. స్తీవా భార్య డాలీ, అంటే అన్నాకు వదిన. డాలీ చెల్లెలు కిట్టీ. కిట్టీని పెళ్ళి చేసుకునే పల్లెటూరి భూస్వామి లెవిన్. స్తీవా, లెవిన్ తోడల్లుళ్ళు. అంటే నవలకు ఒక కొసన ఉన్న అన్నా, రెండో కొసన ఉన్న లెవిన్‌కు తోడల్లుడి చెల్లెలు. పెళ్ళి పత్రికలో పేరు పడేంత దగ్గర చుట్టరికం. అయినా ఇంత పెద్ద నవలలో వాళ్ళిద్దరూ ఎదురుపడేది ఒక్కసారే, ఏడో భాగంలో. ఇంకో చిక్కు, అన్నా భర్త కరేనిన్ పేరూ అలెక్సేయే, ఆమె ప్రేమించిన వ్రాన్‌స్కీ, అంటే ఆ రాత్రి స్టేషన్లో ఎదుట నిలబడ్డ యువకుడి పేరూ అలెక్సేయే. ఇది రచయిత పొరపాటు కాదు. ప్రసవం తర్వాత జ్వరంలో కలవరిస్తూ, ఇద్దరూ అలెక్సేయ్‌లే కావడం ఏం విధి అని అన్నాయే అంటుంది.

ఇక అసలు సంగతి. ఈ నవలను నిషిద్ధ ప్రేమ కథ అంటారు. నిషేధం దేని మీదో నిదానించి చూడాలి. కథ మొదలయ్యేదే స్తీవా తప్పుతో. పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చిన ఫ్రెంచి ఆమెతో సంబంధం పెట్టుకుని భార్యకు దొరికిపోతాడు. ఆ కాపురం నిలబెట్టడానికి పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన ఆడపడుచే అన్నా. వదినకు నచ్చజెప్పి, ఇల్లు చక్కదిద్ది, వెళ్ళేటప్పుడు తన కాపురానికే నిప్పు తెచ్చుకుంటుంది. స్తీవాకు మాత్రం ఉద్యోగం పోలేదు, విందులు ఆగలేదు, ఎవరూ తలుపు వేయలేదు. బెట్సీ అనే ప్రభువుల ఇంటి ఆడమనిషి, భర్త ఉండగానే ప్రియుణ్ణి వెంట తిప్పుకుంటుంది. ఆమె ఇంటికే ఊరంతా టీకి వెళుతుంది. కాబట్టి ఆ సమాజంలో పెళ్ళి బయట ప్రేమకు నిషేధం లేదు. దాన్ని దాచకపోవడానికే నిషేధం.

మనం 'సమాజం' అనే పెద్దమాట పుస్తకాల్లో వాడతాం. ఇంట్లో మాత్రం 'నలుగురూ ఏమనుకుంటారు' అంటాం. ఈ నలుగురు ఎవరో లెక్క ఎవరికీ తెలియదు. టాల్‌స్టాయ్ వాళ్ళను లెక్కపెట్టి చూపించాడు. రెండో భాగం ఎనిమిదో అధ్యాయం తీయండి. ఒక విందులో అన్నా, వ్రాన్‌స్కీ విడిగా ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నారు. కరేనిన్‌కు అందులో తప్పేమీ కనిపించలేదు. గదిలో మిగతావాళ్ళకు అది తప్పుగా తోచినట్టు గమనించాడు. అందుకని తనకూ తప్పుగా తోచింది. భార్యతో మాట్లాడాలని నిశ్చయించుకున్నాడు. అసూయ కంటే ముందు నలుగురి చూపు ఆ ఇంట్లో అడుగుపెట్టింది. గుర్రప్పందెంలోనూ అంతే. వ్రాన్‌స్కీ కందకం దూకిస్తూ జీను మీద ఒక్క క్షణం తప్పుగా కూలబడి గుర్రం వెన్ను విరగ్గొడతాడు. కరేనిన్ పందెం చూడడు, అన్నా ముఖం చూస్తాడు. ఆ ముఖాన్ని ఇంకెవరైనా చూశారేమోనని చూస్తాడు.

ఐదో భాగం 21వ అధ్యాయాన్ని చాలామంది దాటేస్తారు. కరేనిన్ పెళ్ళి ఎలా జరిగిందో అక్కడుంది. అప్పుడతను ఒక రాష్ట్రానికి గవర్నరు. అన్నా మేనత్త ధనవంతురాలు. అమ్మాయిని నలుగురి నోళ్ళలో పడేశారు, ఇప్పుడు అడగకపోతే మర్యాద కాదని మధ్యవర్తి చేత చెప్పించి, అతని చేత పెళ్ళి మాట అనిపిస్తుంది. ఇద్దరికీ ఇరవై ఏళ్ళ తేడా. నలుగురి మాటతో కట్టిన ఇల్లు కాబట్టే నలుగురి మాటకు అంత బెదిరింది. కరేనిన్‌ను దుర్మార్గుడిగా చదివితే నవల సగం చేజారుతుంది. అన్నా చావుబతుకుల్లో ఉన్నప్పుడు అతను నిజంగానే క్షమిస్తాడు, వ్రాన్‌స్కీకి పుట్టిన పసిపాపను తనే చూసుకుంటాడు. ఆ క్షమకు మర్యాదస్తుల్లో చోటు లేదు. అతన్ని చూసి నవ్వుకుంటారు.

విడాకులు తీసుకోవచ్చు కదా అని ఈకాలం వాళ్ళు అడుగుతారు. అప్పటి రష్యాలో పెళ్ళి, విడాకులు చర్చి చేతిలో ఉండేవి. కరేనిన్ లాయరు దగ్గరికి వెళ్ళిన అధ్యాయం, నాలుగో భాగంలో ఐదోది, న్యాయశాస్త్ర పాఠంలా ఉంటుంది. లాయరు ఒకపక్క ఎగిరే చిమ్మెటలను చేత్తో పట్టుకుంటూ కారణాలు చెబుతాడు. శరీర లోపం, ఐదేళ్ళు ఆచూకీ లేకపోవడం, వ్యభిచారం. మూడోదానికి ఉత్తరాలు సగం సాక్ష్యమే. కళ్ళారా చూసిన సాక్షి కావాలి, మతపెద్దలు వివరాలన్నీ అడుగుతారు. తప్పు ఎవరి మీద పడితే వాళ్ళు మళ్ళీ పెళ్ళాడకూడదు. ఇక్కడే ముడి బిగుసుకుంది. అన్నా తప్పు రుజువైతే ఆమె వ్రాన్‌స్కీని చేసుకోలేదు, కొడుకు సెర్యోజా దక్కడు. ఆమెను విడిపించాలంటే తప్పు చేయని కరేనిన్ తప్పు చేసినట్టు దొంగసాక్ష్యం పుట్టించి నెత్తిన వేసుకోవాలి. ఒక దశలో అతను దానికీ ఒప్పుకుంటాడు, కొడుకునూ వదులుకుంటానంటాడు. అంత దయ పుచ్చుకోలేక అన్నాయే వద్దనుకుని వ్రాన్‌స్కీతో ఇటలీకి వెళ్ళిపోతుంది. తర్వాత ఆమె అడిగినప్పుడు అతను ఇవ్వడు. వ్రాన్‌స్కీకి పుట్టిన కూతురు చట్టం లెక్కలో కరేనిన్ బిడ్డ. పుట్టబోయే పిల్లలూ అంతేనని వ్రాన్‌స్కీ డాలీ దగ్గర వాపోతాడు. మన దగ్గర 1955 హిందూ వివాహ చట్టం విడాకులు ఇచ్చింది గానీ, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే వీలు 1976లో గానీ రాలేదు. వ్యభిచారాన్ని నేరంగా చూసే 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది 2018లో. అన్నాను తొందరపడి తీర్పు తీర్చేముందు ఈ తేదీలు మనసులో ఉంటే మంచిది.

చట్టం ఒక గోడ. రెండో గోడ నాటకశాల. ఇటలీ నుంచి తిరిగొచ్చాక వ్రాన్‌స్కీ ఎక్కడికైనా వెళ్ళగలడు, మగవాడు కాబట్టి. అన్నా గడప ఎవరూ తొక్కరు. కొడుకు పుట్టినరోజున పొద్దున్నే దొంగలా భర్త ఇంట్లోకి వెళ్ళి వాణ్ణి చూసుకుంటుంది. ముందురోజు ఎంతో ఇష్టంగా ఏరి కొన్న బొమ్మలను ఇవ్వడం మరిచి కాగితం విప్పకుండా వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ సాయంత్రమే ఆమె మొండికేసి సంగీత నాటకానికి వెళుతుంది. పక్క బాక్సులో కూర్చున్న ఆవిడ, ఈమె పక్కన కూర్చోవడం అవమానమని వినిపించేలా అని లేచిపోతుంది. ఆ దెబ్బ మనకు తెలియాలంటే నాటకశాలను మరిచిపోయి పెళ్ళిభోజనం తలుచుకోండి. మీరు బంతిలో కూర్చున్నారు. వడ్డన మొదలైంది. పక్కావిడ విస్తరి వదిలేసి లేచి వేరే బంతిలోకి వెళ్ళింది. నూరుమందీ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు.

అక్కణ్ణించి అన్నా బతుకు ఎలా కుంగిపోయిందో టాల్‌స్టాయ్ ఒక మేస్త్రీ చూసినట్టు చూశాడు. పందిరికి నాలుగు గుంజలుండాలి. కొడుకు, పేరు, రాకపోకలు అనే మూడు గుంజలు పీకేస్తే పందిరి బరువంతా వ్రాన్‌స్కీ ప్రేమ అనే ఒక్క గుంజ మీద పడింది. అతను ఎన్నికల పనికి వెళితే అనుమానం, ఆలస్యంగా వస్తే అనుమానం. నిద్రకు మందు. అతను చెడ్డవాడేం కాదు. ఏ మనిషీ ఒంటి గుంజగా నిలబడలేడు. ఏడో భాగం చివర ఆమె స్టేషన్‌కు చేరుతుంది. మొదటి రాత్రి విన్న ఇనుము చప్పుడు ఆమె కలల్లో, చివరికి ఆ పట్టాల దగ్గర తిరిగి వస్తుంది. ఆ స్టేషన్ పేరు ఒబిరాలోవ్కా, మాస్కో దగ్గర నిజంగా ఉన్నదే.

ఇక్కడ కథ అయిపోయిందనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. పత్రిక సంపాదకుడూ అలాగే అనుకున్నాడు. సెర్బియా యుద్ధానికి వెళ్ళే స్వచ్ఛంద సైనికుల గురించి టాల్‌స్టాయ్ రాసింది నచ్చక ఎనిమిదో భాగం వేయనన్నాడు. కథానాయిక చనిపోయింది కాబట్టి నవల ముగిసినట్టేనని చెప్పి, మిగతాది నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. టాల్‌స్టాయ్ దాన్ని సొంత ఖర్చుతో విడిగా అచ్చువేశాడు. ఎందుకంత పట్టుదల? లెవిన్ లెక్క అప్పటికి తేలలేదు.

లెవిన్‌కు భార్య ఉంది, కొడుకు పుట్టాడు, పొలం ఉంది, నలుగురిలో గౌరవం ఉంది. అన్నాకు లేనివన్నీ ఉన్నాయి. అయినా ఎందుకు బతకాలో తెలియక, ఉరేసుకుంటానేమోనని ఇంట్లో తాడు దాచేస్తాడు, కాల్చుకుంటానేమోనని తుపాకీ పట్టుకుని బయటికి వెళ్ళడు. అన్న నికొలాయ్ చావును పక్కనుండి చూసినప్పటి నుంచీ ఈ ప్రశ్న పట్టుకుంది. 239 అధ్యాయాల్లో ఒక్కదానికే టాల్‌స్టాయ్ పేరు పెట్టాడు. ఆ పేరు 'మృత్యువు'. అది నికొలాయ్ చనిపోయే అధ్యాయం.

లెవిన్ వ్యవసాయం అధ్యాయాలను గబగబా తిప్పేయకండి. మూడో భాగంలో గడ్డి కోత ఉంది. మన వరికోతలా నడుం వంచి కొడవలితో కోసేది కాదు, నిలబడి పొడవు పిడి కత్తిని విసురుతూ వరస వెంట వరస వెళ్ళాలి. 42 మంది కూలీల మధ్య లెవిన్ మొదట చేతుల బలంతో విసిరి వరస వంకర చేస్తాడు. చేతులు తక్కువ, ఒళ్ళంతా ఎక్కువ ఆడించాలని తెలుసుకున్నాక కత్తి తనంతట తనే కోస్తున్నట్టుంటుంది. టైమెంతో, ఎన్ని వరసలో గుర్తుండదు. మధ్యాహ్నం ఒక ముసలాయన రొట్టె తుంచి గిన్నెలో వేసి, సానరాయి డబ్బాలోని నీళ్ళు పోసి, ఉప్పు వేసి పెడతాడు. చద్దన్నం తిన్నవాళ్ళకు దాని రుచి చెప్పనక్కర్లేదు. ఇంటికెళ్ళి తినాల్సిన మనిషి అక్కడే తినేస్తాడు. ఆ పూట అతన్ని చూసే నలుగురు ఎవరూ లేరు. పక్కనున్నవాళ్ళు కోస్తున్నారు, అతనూ కోస్తున్నాడు.

ఈ రెండు కథలకు సంబంధం ఏమిటని అప్పుడే ఒకాయన టాల్‌స్టాయ్‌ని అడిగాడు. కమానులు ఎక్కడ కలిశాయో కనిపించకుండా కట్టాను, అదే నా గర్వం అని 1878లో జాబు రాశాడు. కమాను కలిసిన రాయి ఎక్కడుందో ఎవరికి వాళ్ళు వెతుక్కోవాలి. వెతకడానికి మొదట అట్ట తిప్పగానే కనిపించే బైబిల్ వాక్యం దగ్గర ఆగండి. పగ తీర్చడం నా పని, నేనే తీరుస్తాను అని దేవుడి మాట. అన్నాకు శిక్ష పడిందని చెప్పడానికే ఇది పెట్టాడని కొందరంటారు. నా లెక్కలో ఆ వాక్యంలో బరువంతా 'నా' అనే మాట మీదుంది. అది నా పని, బాక్సులోంచి లేచిపోయినావిడ పని కాదు.

చివరికి లెవిన్‌కు ఒక రైతు మాటల్లో దారి దొరుకుతుంది. ఫలానా ముసలాయన కడుపు కోసం కాదు, ఆత్మ కోసం బతుకుతాడు, దేవుణ్ణి మరవడు అంటాడు ఆ రైతు. దాంతో లెవిన్ మారిపోయాడా అంటే, బండివాడి మీద రేపూ కోప్పడతాననీ, అనవసరంగా వాదిస్తాననీ అతనికే తెలుసు. ఆ రాత్రి వరండాలో నక్షత్రాలు చూస్తూ నిలబడి, కిట్టీ వస్తే ఈ సంగతి చెప్పాలా వద్దా అని తటపటాయిస్తాడు. అతను నోరు తెరిచేలోపే కిట్టీ అంటుంది, మీ ఇంకో అన్నగారు సెర్గేయ్ గదిలో కొత్త ముఖం కడుక్కునే బల్ల పెట్టారో లేదో ఒకసారి చూసిరమ్మని. చెప్పకుండానే చూడ్డానికి వెళతాడు.