‘ఏ’ సర్టిఫికెట్ వచ్చాక 30 రోజులు

మిత్రులందరికీ నమస్కారం.

మొదటి సినిమా పూర్తిచేసి సెన్సార్‌కి సిద్ధమవుతున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. మీకొక సీన్ చెబుతాను. తాగొచ్చిన తండ్రి. మంచం కింద నక్కిన ఎనిమిదేళ్ల పిల్ల. కెమెరా ఆ పిల్ల పక్కనే నేలమీద ఉంది కాబట్టి తండ్రి పాదాలే కనబడతాయి. పైన గాజులు పగిలిన చప్పుడు. ఈ సీన్ వల్ల సినిమాకి ‘ఏ’, అంటే పెద్దలకు మాత్రమే అనే సర్టిఫికెట్, వచ్చిందనుకోండి. అలాంటి ఇంట్లో పెరుగుతున్న పదిహేనేళ్ల పిల్లలు థియేటర్ గుమ్మం దాటలేరు. ఎవరి కోసం తీశామో వాళ్లకే సినిమా అందదు. ఆ ‘ఏ’ మీద అప్పీల్ గురించి నేనింత పట్టుబట్టేది అందుకే.

డబ్బు సంగతీ ఉంది. ‘ఏ’ సినిమాని ఉన్నదున్నట్టు టీవీలో వేయడం కుదరదు, దానికి విడిగా సర్టిఫికెట్ కావాలి. శాటిలైట్ హక్కుల మీద ఆశ పెట్టుకున్న చిన్న నిర్మాతకి అది పెద్ద దెబ్బ.

ఈ పోరాటానికి పాత చరిత్రే ఉంది. రచయిత, దర్శకుడు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ గారు నాలుగు నగరాల మీద చిన్న డాక్యుమెంటరీ తీసి, అందరూ చూడదగ్గదనే ‘యూ’ అడిగితే ‘ఏ’ ఇచ్చారు. బొంబాయి రెడ్‌లైట్ ఏరియా దృశ్యాలు అందులో ఉన్నాయి. సినిమాని మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ కూడా ‘ఏ’ అనే అంది. అప్పట్లో ఆ పైన అప్పీల్ వినేది కేంద్ర ప్రభుత్వమే. ఆ దృశ్యాలు కోస్తే ‘యూ’ ఇస్తామంది. ఆయన కోయలేదు, సుప్రీంకోర్టుకి వెళ్లారు. కేసు నడుస్తుండగానే కట్స్ లేకుండా ‘యూ’ ఇస్తామని ప్రభుత్వం దిగొచ్చింది. అయినా ఆయన వదల్లేదు. సినిమాకి ముందస్తు సెన్సార్ అసలు ఉండొచ్చా అని అడిగారు. 1970లో వచ్చిన తీర్పులో ఆ ప్రశ్న మీద ఓడిపోయారు. కానీ అప్పీల్‌ని ప్రభుత్వం కాక కోర్టో ట్రిబ్యునలో వినాలన్న మాటకి ప్రభుత్వం ఒప్పుకున్నది ఆ కేసులోనే. 1981 సవరణతో ట్రిబ్యునల్ చట్టంలోకి వచ్చింది.

ఆ ట్రిబ్యునల్‌ని 2021 ఏప్రిల్‌లో రద్దు చేశారు. ఇప్పుడు అప్పీల్ అంటే నేరుగా హైకోర్టే. ఇది చిన్న సినిమాకి జరిగిన అన్యాయమని నా గట్టి నమ్మకం. ట్రిబ్యునల్‌కి ఉన్న పని ఇదొక్కటే. హైకోర్టులో మన సినిమా వేరే కేసులన్నిటి మధ్య తన వంతు కోసం చూడాలి. వడ్డీకి డబ్బు తెచ్చి రిలీజ్ డేట్ ప్రకటించినవాడికి ఒక్కో వాయిదా ఎంత టెన్షనో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే చాలామంది కోర్టు మెట్లెక్కకుండా కట్స్‌కి తలూపేస్తారు. వాళ్లని నేను తప్పుపట్టను.

అయినా దారి తెలిసుండాలి. ముందు రివైజింగ్ కమిటీని అడగండి. మొదట చూసిన సభ్యులు అందులో ఉండరు. అక్కడా కాకపోతే సినిమాటోగ్రాఫ్ చట్టం 5సీ సెక్షన్ కింద, ఆర్డర్ తేదీ నుంచి 30 రోజుల్లో అప్పీల్ వేయాలి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మరో 30 రోజులు ఇవ్వొచ్చు. ఆ సెక్షన్ కింద అప్పీల్ వేసే హక్కు సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసినవాళ్లదే. అంటే మామూలుగా నిర్మాతదే. డైరెక్టర్లూ, మీ నిర్మాతతో ఈ మాట ముందే మాట్లాడుకోండి.

ఇక వాదన. కోపంతో రాసిన అప్పీల్ నిలబడదు. సినిమాని మొత్తంగా, అది మిగిల్చే ప్రభావాన్ని బట్టి చూడాలని సెన్సార్‌కి కేంద్రం ఇచ్చిన 1991 మార్గదర్శకాల్లోనే ఉంది. మామూలు ఇంగితజ్ఞానం ఉన్న మనిషి కళ్లతో చూడాలి తప్ప అతిసున్నితంగా నొచ్చుకునేవాళ్ల కళ్లతో కాదని 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సవరణ ఇంకో వీలు కల్పించింది. ‘యూ’కీ ‘ఏ’కీ మధ్యనుండే యూఏని వయసుల వారీగా 7+, 13+, 16+గా విడగొట్టారు. అవి తల్లిదండ్రులకి సూచనలు, గుమ్మం దగ్గర ఆపేవి కావు. ‘యూ’యే కావాలని భీష్మించకుండా ‘ఏ’ బదులు యూఏ 16+ అడగండి. కొన్నిసార్లు కమిటీ భయంలో నిజముంటుంది, అది ఒప్పుకుంటే మిగతా మాటకి బలం వస్తుంది.

ఆ మంచం కింది సీన్‌కి నేనైతే ఇలా రాస్తాను: ‘దెబ్బ తెరమీద ఎక్కడా కనబడదు. మనం చూసేది పిల్ల ముఖం, తండ్రి పాదాలు. తర్వాతి సీన్‌లో ఆ పిల్ల పక్కింటి తలుపు తడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఈ రెండు సీన్లూ కలిపి చూడమని మనవి.’