ప్రాగ్‌లో ఒకే ట్రామ్ దారిలో రెండు చోట్లు: హ్వెజ్దా, వాలెన్‌స్టైన్ తోట

ప్రేక్షకులందరికీ నమస్కారం. ముందుగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఈ ప్రయాణం కోసం ఒక పర్యాటక సంస్థ నాకు రెండు రోజుల నగర పాసును ఉచితంగా ఇచ్చింది. వీడియోలో ఏం చెప్పాలో వారు అడగలేదు, నేనూ వారికి ముందుగా చూపించలేదు. అయితే నాకు అన్నిటికన్నా నచ్చిన తోటలోకి ప్రవేశం ఎవరికైనా ఉచితమే కనుక, పాసు కొనాలా వద్దా అనే ప్రశ్నకు నా జవాబు ఇక్కడే వచ్చేసింది: తోటల కోసమే ప్రాగ్ వెళ్లేవారికి పాసు అవసరం లేదు. వేళలు, టికెట్ ధరలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను.

నేను డ్రెస్డెన్‌లో ఉంటాను. అక్కడి నుంచి ప్రాగ్‌కు రైలులో రెండున్నర గంటల దారి. మొదటిసారి జనవరిలో వెళ్లి, ప్రాగ్ కోట దిగువనున్న మాలా స్ట్రానా పేటలో ఒక తోట గేటు తర్వాత మరొక తోట గేటు దాకా మంచులో నడిచి, ప్రతిచోటా తాళం చూసి వెనక్కి వచ్చాను. ఈ తోటలు సాధారణంగా ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే తెరిచి ఉంటాయి. తోట అంటే ఎప్పుడైనా వెళ్లి కూర్చోగల చోటు అనే అలవాటుతో పెరిగిన మనకు ఈ సంగతి ముందుగా తట్టదు. క్రిస్మస్ సెలవుల్లో ప్రాగ్ వెళ్లే తెలుగు కుటుంబాలు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను.

ఈసారి మే నెలలో వెళ్లి, హ్వెజ్దాతో మొదలుపెట్టాను. చెక్ భాషలో హ్వెజ్దా అంటే నక్షత్రం. కోట కింద నుంచి 22వ నంబరు ట్రామ్ ఎక్కి విపిఖ్ దగ్గర దిగి, పాత వేట అడవిలో కొంత దూరం నడిస్తే, చెట్ల మధ్య ఆరు కోణాల నక్షత్రం ఆకారంలో కట్టిన వేసవి విడిది కనిపిస్తుంది. నేటి చెక్ దేశంలోని బొహీమియా పాలనను రాజైన తండ్రి తరఫున చూసిన హాబ్స్‌బర్గ్ వంశపు రాకుమారుడు ఆర్చ్‌డ్యూక్ ఫెర్డినాండ్ ఈ భవనపు నమూనాను స్వయంగా గీశాడు, 1555లో పని మొదలైంది. బయటి నుంచి చూస్తే అలంకారం దాదాపు లేని తెల్లటి గోడలు, వాటి మీద ఏటవాలు కప్పు. ఫోటోలలో చూసినప్పుడు ఇందులో ఏముంటుందిలే అనుకున్న నేను, లోపల అడుగుపెట్టి తల పైకెత్తాక చాలాసేపు తల దించలేదు.

పైకప్పు నిండా సున్నపు గచ్చుతో మలచిన బొమ్మలు. రంగు ఏ మాత్రం లేదు, తెలుపు మీద తెలుపు. 300కు పైగా ఉన్న చిన్నా పెద్దా చట్రాలలో గ్రీకు, రోమన్ పురాణాల దేవతలు, వీరులు, సముద్రపు జంతువులు ఉన్నాయి. రంగు లేనందువల్ల బొమ్మను కంటికి పట్టించే పని మొత్తం నీడ మీదే పడుతుంది. కిటికీ వెలుగు మారినప్పుడు ఒక బొమ్మ మరుగున పడి, పక్కనే అంతవరకు గమనించని మరొకటి తేలుతుంది. మధ్య గది కప్పులో ఒక యువకుడు ముసలి తండ్రిని భుజాన ఎత్తుకుని వెళుతుంటాడు. తగలబడుతున్న ట్రాయ్ నగరం నుంచి తండ్రిని తప్పిస్తున్న ఈనియాస్ అతడు. ఇంత సున్నితమైన పని ఉన్న ఈ భవనాన్ని తర్వాతి కాలంలో తుపాకీ మందు నిల్వ చేసే గోదాముగా వాడారు. ఆ కప్పు అన్నేళ్లు చెక్కుచెదరకుండా నిలవడం నన్ను ఎంతగానో కదిలించింది.

1620 నవంబరు 8న బిలా హోరా అనే తెల్లకొండ దగ్గర చెక్ ప్రభువుల సైన్యం హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి సేనల చేతిలో ఓడిపోయింది. ఆ పోరాటపు చివరి ఘట్టం జరిగింది హ్వెజ్దా ప్రహరీ దగ్గరే. ఓడిన ప్రభువుల ఆస్తులను చక్రవర్తి జప్తు చేస్తే, వాటిని చవకగా కొని అపారమైన సంపన్నుడైనవాడు చక్రవర్తి సేనాని ఆల్బ్రెక్ట్ వాలెన్‌స్టైన్. అందుకే హ్వెజ్దా చూశాక అదే 22వ నంబరు ట్రామ్‌లో వెనక్కి వచ్చి వాలెన్‌స్టైన్ తోటకు వెళ్లమని సలహా ఇస్తున్నాను. ఈ వరుసలో చూస్తే మొదటి చోట జరిగిన యుద్ధానికి ఫలితం రెండో చోట కళ్లెదుట కనిపిస్తుంది.

తోటను ఆనుకుని 1620లలో వాలెన్‌స్టైన్ కట్టించిన భవనంలో ఇప్పుడు చెక్ పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్ సమావేశమవుతుంది. తోటలోకి రాగానే మీ తెరపై కనిపిస్తున్న మూడు ఎత్తైన కమానుల మండపం ఎదురవుతుంది. దాన్ని సాలా తెరేనా అంటారు. దాని కప్పులోనూ ట్రాయ్ యుద్ధ దృశ్యాలే ఉన్నాయి. మండపం ముందు బాటకు ఇరువైపులా కంచు విగ్రహాలు వరుసగా నిలబడి ఉంటాయి. వాటిలో ఒకటి, గ్రీకులు వదిలివెళ్లిన చెక్క గుర్రాన్ని నమ్మవద్దని ట్రాయ్ ప్రజలను హెచ్చరించి, కొడుకులతో సహా పాముల చుట్టలో చిక్కిన పూజారి లావొకూన్‌ది.

ఈ విగ్రహాలు నకళ్లు. అసలువి అడ్రియన్ డి వ్రీస్ అనే గొప్ప శిల్పి జీవితం చివరి దశలో పోత పోసినవి. ఆయన 1626లో ప్రాగ్‌లోనే మరణించాడు. 1648 జూలైలో, ఐరోపాలో సాగిన ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించే ఒప్పందం మరో మూడు నెలల్లో కుదరబోతుండగా, స్వీడన్ సైన్యం ఈ మాలా స్ట్రానా పేటలోకి చొరబడి వాటిని ఎత్తుకుపోయింది. ఇప్పుడవి స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ దగ్గరి డ్రాట్‌నింగ్‌హోమ్ రాజభవనం వద్ద ఉన్నాయి. ఇక్కడి నకళ్లను 20వ శతాబ్ది ఆరంభంలో నిలబెట్టారు. నకలు అనగానే మొహం తిప్పుకునే వారిని నేను చూశాను, కానీ ఖాళీగా మిగిలిన పీఠాల మీద పోయినవాటి రూపాన్నే మళ్లీ నిలబెట్టిన ఆ నగరవాసుల పట్ల నాకు గౌరవం కలిగింది. తోట యజమాని ఆ దోపిడీ చూడలేదు. ద్రోహి అనే ముద్రతో 1634లోనే హెబ్ పట్టణంలో సొంత పక్షం అధికారుల చేతిలో హతుడయ్యాడు.

ఇక ఒక గంటకు పైగా నన్ను కదలనివ్వనిది ఇక్కడి గోడ. గుహలలో సున్నపు నీరు కారి గడ్డకట్టినట్టు కనిపించేలా, ఎత్తైన గోడ పొడవునా ముద్దలు ముద్దలుగా, బూడిద రంగులో చేసిన కృత్రిమ గుహ అలంకారం అది. నిలబడి చూస్తూ ఉంటే అందులో కప్ప కనిపిస్తుంది, పాము కనిపిస్తుంది, గడ్డపు మనిషి ముఖం కనిపిస్తుంది. పక్కకు రెండడుగులు వేస్తే అవి కరిగిపోయి వేరే ముఖాలు వస్తాయి. శిల్పి ఉద్దేశించింది ఏది, మన కన్ను కల్పించుకున్నది ఏది అనే సందేహం చివరిదాకా తీరదు. పారిస్ దగ్గరి వెర్సాయ్ రాజభవనపు తోట మీద నేను చేసిన వీడియో చూసినవారికి గుర్తుండవచ్చు, అక్కడ నేను రోజంతా నడిచాను కానీ ఒక్కచోట కూడా ఇంతసేపు ఆగలేదు. గోడ పక్కనే పెద్ద పంజరంలో గుడ్లగూబలు ఉన్నాయి, పచ్చిక మీద నెమళ్లు తిరుగుతుంటాయి.

వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలను తీసుకొచ్చినవారికి ఒక మాట. వాలెన్‌స్టైన్ తోట నేల చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నా హాయిగా తిరగవచ్చు. కోట దిగువన ఉన్న లెడెబుర్, పాల్ఫీ తోటలు అలా కాదు. అవి కొండవాలుకు అంచెలంచెలుగా కట్టిన మెట్ల తోటలు. పై ద్వారం తెరిచి ఉన్న రోజున కోట వైపు నుంచి దిగుతూ రండి, కింది నుంచి ఎక్కవద్దు. వర్త్‌బా తోట కూడా మెట్లదే. మత్యాస్ బ్రౌన్ చెక్కిన విగ్రహాలు అక్కడ చాలా బాగున్నాయి, అయినా నేను అరగంటలో బయటికి వచ్చేశాను.

ఒక్క రోజే చేతిలో ఉంటే ఉదయం హ్వెజ్దాకు, మధ్యాహ్నం వాలెన్‌స్టైన్ తోటకు వెళ్లండి, మిగతావి వదిలేయండి. నేను మాత్రం వచ్చే వేసవిలో డ్రాట్‌నింగ్‌హోమ్ వెళ్లి, అసలు లావొకూన్ ఎదుట నిలబడి తదుపరి వీడియో చేయాలని నిశ్చయించుకున్నాను.