ఆ సరుకు ఏ కొట్లో అమ్మారు? – చెన్నై స్టూడియో చర్చ

(టీ నగర్‌లోని మా స్టూడియోలో రికార్డు చేసిన చర్చ. కూర్చున్నది ముగ్గురు: ప్యారిస్ కార్నర్ దగ్గర ప్యాకెట్ సరుకుల డిస్ట్రిబ్యూటర్, వినియోగదారుల కేసులు వాదించే లాయరు, పెరంబూరు నుంచి వచ్చిన ఒక గృహిణి. పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరి పనితో వాళ్ళను రాశాం. మధ్యలో టీ కోసం ఆగిన భాగం తీసేశాం.)

యాంకర్: నమస్కారం. ఫలానా కంపెనీ ఫలానా బ్యాచ్ సరుకును వెనక్కి పిలిచిందని పేపర్లో చదువుతుంటాం. ఆ బ్యాచ్ మన వీధి చివరి కొట్టుకు వచ్చిందా, లేదా? ఆ ఒక్క ముక్క మాత్రం వార్తలో ఉండదు. అమ్మా, మీతోనే మొదలుపెడదాం.

గృహిణి: మా వాడికి ఏడేళ్ళండీ. పాలల్లో కలిపే పొడి ఒకటి అన్నాచ్చి కొట్లో కొన్నాను. కిరాణా కొట్టాయన్ని ఇక్కడ అలాగే పిలుస్తాం. ఇంటికి రాగానే కవరు చింపి స్టీలు డబ్బాలో పోసేయడం మా ఇంట్లో అలవాటు. మా అమ్మా అంతే, మా అత్తగారూ అంతే. కవరు మర్నాడే చెత్తబండి ఎక్కేసింది. పది రోజులకు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పడింది. ఈ పొడి ఒక బ్యాచ్ వెనక్కి తీసుకుంటున్నారు, పిల్లలకు పెట్టొద్దు అని. బ్యాచ్ నంబరు కూడా ఉంది. మరి నా డబ్బా మీదేముంది? "కాఫీపొడి" అని చెక్కి ఉంది. మా పెళ్ళికి పెట్టిన డబ్బా అది.

(నవ్వులు)

యాంకర్: కొట్టుకు వెళ్ళి అడిగారా?

గృహిణి: అడక్కుండా ఉంటానా? అన్నాచ్చి మంచివాడే. "అక్కా, మిగిలిన ప్యాకెట్లు సేల్స్‌మన్ పట్టుకుపోయాడు, ఏ బ్యాచ్‌వో నేను చూసుకోలేదు" అన్నాడు. బిల్లు చూద్దామంటే పేరూ, ధరా ఉన్న చిన్న చీటీ. అది కూడా అక్షరాలు వెలిసిపోయి తెల్లగా ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు చెప్పండి మేడమ్" అని ఆ అమ్మాయి. అదే నా దగ్గరుంటే నీకు ఫోన్ చేసే పనేముందమ్మా అన్నాను. పోనీ ఏయే కొట్లకు పంపారో చెప్పండి, మా కొట్టు లేకపోతే నా మనసు కుదుటపడుతుంది అన్నాను. ఆ వివరాలు బయటికి చెప్పకూడదట. చివరికి సగం డబ్బా సింకులో పారబోశాను. మిగతా సగం మా వాడి కడుపులో ఉంది కదండీ! వారం రోజులు వాడు దగ్గితే టెన్షన్, తుమ్మితే టెన్షన్.

యాంకర్: ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ గారి వైపు తిరుగుదాం. సార్, కంపెనీ నిజంగానే చెప్పలేకపోతోందా, చెప్పదలచుకోలేదా?

డిస్ట్రిబ్యూటర్: రెండూ ఉన్నాయండీ. మా తాతగారిది కొత్వాల్ చావడిలో బస్తాల వ్యాపారం. కన్యకా పరమేశ్వరి దేవస్థానం వాళ్ళ మార్కెట్ అది. 1996లో మార్కెట్ కోయంబేడుకు తరలిపోయాక మా నాన్న ప్యాకెట్ సరుకు పట్టారు. ఆ రోజుల్లో బస్తా మీద మిల్లు గుర్తు ఉండేది. ఏ మిల్లు బియ్యమో కూలీవాడిని అడిగినా చెప్పేవాడు. ఇప్పుడు ప్రతి ప్యాకెట్ మీదా నంబరుంది, కానీ అది ఎటుపోయిందో చెప్పేవాడు లేడు.

యాంకర్: ఎక్కడ తప్పిపోతోంది?

డిస్ట్రిబ్యూటర్: ఫ్యాక్టరీ నుంచి డిపోకు వచ్చేటప్పుడు బిల్లులో బ్యాచ్ ఉంటుంది. డిపో నుంచి నా గోడౌన్‌కు వచ్చే బిల్లులోనూ ఉంటుంది. ఆ తరవాత నా వ్యాన్ బయల్దేరుతుంది చూడండి, అక్కడ మొదలవుతుంది అసలు కథ. వ్యాన్లో ఒకే సరుకువి మూడు బ్యాచ్‌ల కార్టన్లు ఉంటాయి. కుర్రాడు చేతికి అందింది దింపుతాడు. ట్రాఫిక్ పోలీసు వెనక హారన్ కొడుతుంటే కార్టన్ తిప్పి నంబరు చూసేంత తీరిక ఎవరికుంటుంది? కొట్టుకు ఇచ్చే బిల్లులో సరుకు పేరు, ఎన్ని, ఎంత. అంతే.

యాంకర్: అయినా ఏ కొట్టుకు ఎన్ని ఇచ్చారో అయితే తెలుసు కదా?

డిస్ట్రిబ్యూటర్: నేను ఇచ్చింది తెలుసు. అక్కడి నుంచి ఎటు వెళ్ళిందో తెలియదు. పన్నెండుకు ఒకటి ఫ్రీ అని స్కీమ్ పెడతాం. ఒక అన్నాచ్చి ఆ స్కీమ్ కోసం పన్నెండూ తీసుకుని, ఆరు పక్కసందులో బామ్మర్ది కొట్టుకు సర్దుతాడు. దానికి బిల్లుండదు. నెలాఖరున మా సేల్స్‌మన్‌కు టార్గెట్ పూర్తికాలేదనుకోండి, మిగిలిన సరుకు సౌకార్‌పేట హోల్‌సేల్‌లో తక్కువకు దింపేస్తాడు. అక్కడ కొన్నవాడు ఆవడి వాడో, గూడూరు వాడో! ఇవన్నీ కెమెరా ముందు చెప్పకూడదు గానీ చెప్పేస్తున్నాను.

లాయరు: చెప్పండి, చెప్పండి. నాకు కేసులొస్తాయి.

(నవ్వులు)

యాంకర్: లాయరు గారూ, జీఎస్టీ లెక్కల్లో అంతా ఉంటుంది కదా అని చాలామంది అంటారు.

లాయరు: 2017 జూలై నుంచి వ్యాపారికి వ్యాపారి అమ్మిన బిల్లులు రిటర్నులో ఎక్కుతున్నాయి. ఎవరు ఎవరికి అమ్మారో పన్నుల శాఖకు తెలుసు. కానీ వాళ్ళకు కావాల్సింది పన్ను. సరుకు కోడ్, విలువ చూస్తారు. బ్యాచ్ నంబరు అక్కడ అడగరు. జీఎస్టీ నంబరే లేని చిన్న కొట్ల సంగతి సరేసరి. ఆహార పదార్థాలకు 2017లోనే రీకాల్, అంటే సరుకు వెనక్కి పిలిచే నిబంధనలు విడిగా వచ్చాయి. తయారీదారు, దిగుమతిదారు, హోల్‌సేలర్ ముందే రీకాల్ ప్లాన్ రాసి పెట్టుకోవాలి. ఉత్త చిల్లర కొట్టువాడికి ఆ ప్లాన్ అక్కర్లేదు. సరుకు షెల్ఫు మీంచి తీసేసి వెనక్కి ఇస్తే చాలు.

గృహిణి: అంటే నేను కొనే చోటికి వచ్చేసరికి లెక్క ఆగిపోతుంది.

లాయరు: సరిగ్గా అక్కడే. యూరప్ చట్టంలో కూడా సూత్రం అదే. ఎవరి దగ్గర కొన్నావు, ఏ వ్యాపారికి ఇచ్చావు, ఈ రెండూ రాసి ఉంచు అంటుంది. కడపటి కొనుగోలుదారు పేరు రాయమని అక్కడా లేదు. మందుల సంగతి చూడండి, తేడా తెలుస్తుంది. మందుల షాపు బిల్లు తిప్పి చూడండి. మందు పేరు పక్కనే బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉంటాయి. 2025 అక్టోబరులో కోల్డ్‌రిఫ్ దగ్గు మందు గొడవ వచ్చింది గుర్తుందా? మన పక్కనే కాంచీపురం జిల్లాలో తయారైంది. మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పసిపిల్లలు చనిపోయారు. ఎస్ఆర్-13 అనే బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉందని పరీక్షలో తేలింది. అప్పుడు ఇంట్లో సీసా ఉన్న తల్లి సీసా మీదా చూసుకోగలిగింది, సీసా పారేసి ఉంటే బిల్లులోనూ చూసుకోగలిగింది.

గృహిణి: దగ్గు మందుకు ఉన్న పద్ధతి పాలల్లో కలిపే పొడికి ఎందుకు లేదండీ? రెండూ వెళ్ళేది పిల్లల నోట్లోకే.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

యాంకర్: మ్యాగీ విషయంలో ఈ ఇబ్బంది రాలేదే?

డిస్ట్రిబ్యూటర్: అది వేరే అండీ. 2015 జూన్ 5న ఆహార భద్రతా సంస్థ మొత్తం సరుకు వెనక్కి తీసుకోమంది. అన్ని బ్యాచ్‌లూ, అన్ని రకాలూ. పసుపు ప్యాకెట్ కనబడితే చాలు, వెనక్కి ఇచ్చేయడమే. ఆగస్టు 13న బాంబే హైకోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది, అది వేరే సంగతి. కష్టం అంతా ఒక్క బ్యాచ్ పిలిచినప్పుడే. ఇరవై కార్టన్లలో నాలుగు ఏవో వెతకాలి.

లాయరు: 2022 ఆగస్టులో ఇంకో ఉదాహరణ. నాణ్యత ప్రమాణం లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మారని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అమెజాన్‌కు ఆర్డరు వేసింది. 2,265 కుక్కర్లు కొన్నవాళ్ళకు తెలియజేసి, వెనక్కి తీసుకుని, డబ్బు ఇవ్వాలి. లక్ష రూపాయలు జరిమానా కూడా. ఫ్లిప్‌కార్ట్‌కు వేసిన ఆర్డరులో 598 కుక్కర్లు. ఆ అంకెలు చూడండి, రెండువేల చిల్లర అనలేదు, ఒకటికూడా తేడా లేకుండా చెప్పారు. ఎలా చెప్పగలిగారు? ప్రతి ఆర్డరుకూ ఒక ఇల్లు, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. అదే కుక్కర్ పురసవాక్కంలో పాత్రల కొట్లో కొని ఉంటే? "ఆడి నెల డిస్కౌంట్‌లో చాలామంది పట్టుకెళ్ళారు సార్" అంటాడు, అంతకన్నా ఏం చెప్తాడు?

యాంకర్: ఇప్పుడు అసలు ప్రశ్న. అమ్మిన కొట్ల పేర్లు బయట పెట్టాలా?

డిస్ట్రిబ్యూటర్: వద్దండీ. తప్పు చేసింది ఫ్యాక్టరీ. అన్నాచ్చి సీలు విప్పలేదు, కల్తీ చేయలేదు. అతని కొట్టు పేరు లిస్టులో వేస్తే రేపు పప్పు కొనడానికి కూడా ఎవడూ రాడు.

గృహిణి: పేరు వేయకపోతే ఏమైందో నేను చెప్పనా? మా వీధిలో మూడు కొట్లున్నాయి. ఆ ఫోటో వచ్చాక మూడింటికీ వెళ్ళడం మానేశాం. అందులో రెండు కొట్లు ఆ పొడి అమ్మనే లేదేమో! పేరు దాచి ఒకడిని కాపాడారు, ఇద్దరిని ముంచారు.

లాయరు: ఈ మాట కోర్టులో నాకు తట్టలేదు. (నవ్వు) అమెరికాలో ఈ వాదన చాలా కాలం నడిచింది. అక్కడ మాంసం రీకాల్ అయితే, ప్రాణాపాయం ఉన్న కేసుల్లో ఏ దుకాణాలకు వెళ్ళిందో వ్యవసాయ శాఖ 2008 నుంచి లిస్టు వేస్తోంది. మిగతా ఆహారం చూసే ఎఫ్‌డీఏ మాత్రం అది వ్యాపార రహస్యం అంటూ వచ్చింది. 2017లో ఒక సోయా వెన్న తిని పిల్లలు ఆస్పత్రి పాలైనప్పుడు కూడా కొట్ల పేర్లు చెప్పలేదు. 2018లో కొంచెం దారికొచ్చింది. ప్యాకెట్ మీద చూసి గుర్తుపట్టలేని సరుకు, అంటే విడిగా అమ్మేది, తూచి ఇచ్చేది అయితే కొట్ల పేర్లు చెప్తామంది.

గృహిణి: నా డబ్బాలో పోసింది కూడా విడి సరుకే కదండీ, ఇక!

యాంకర్: పేర్లు వేస్తే సరుకు ఆగుతుందా?

లాయరు: పేరు వేయడంతోనే అయిపోదు. 2023 అక్టోబరులో అక్కడ వానాబానా అనే ఆపిల్, దాల్చినచెక్క గుజ్జు పౌచ్‌లను సీసం ఉందని వెనక్కి పిలిచారు. ఎక్కడ అమ్మారో అందరికీ తెలుసు. అయినా డాలర్ ట్రీ అనే గొలుసు దుకాణాల్లో కొన్నిచోట్ల డిసెంబరు దాకా షెల్ఫు మీదే ఉంది. 2024లో ఎఫ్‌డీఏ డాలర్ ట్రీకి వార్నింగ్ లెటరు రాసింది. ఇక్కడ పేరు బయట ఉండటం వల్ల కలిగిన లాభం ఒకటే. వెళ్ళి చూసినవాళ్ళు, ఇంకా అమ్ముతున్నారని ఫిర్యాదు చేయగలిగారు.

డిస్ట్రిబ్యూటర్: కొట్టువాడి మీద కేసు పడుతుంది, అదీ భయం.

లాయరు: ఆ భయం సగం అనవసరం. 2019 వినియోగదారుల చట్టం 86వ సెక్షన్ చదవండి. అమ్మినవాడు ఏయే సందర్భాల్లో బాధ్యుడో రాసుంది. సరుకును తానే మార్చితే, తయారుచేసినవాడు ఎవరో చెప్పలేకపోతే, తయారీదారు ఇచ్చిన హెచ్చరిక కొన్నవాడికి అందించకపోతే. కొనుగోలు బిల్లు దాచుకుని, బ్యాచ్ రాసుకుని, హెచ్చరిక రాగానే కొట్టు ముందు అంటించిన అన్నాచ్చిని నేను కూడా ఏమీ చేయలేను. చీటీలు చింపేసేవాడికే ప్రమాదం.

యాంకర్: కొన్నవాళ్ళు ఇప్పటికిప్పుడు ఏం చేయొచ్చు?

లాయరు: కవరు పారేసే ముందు బ్యాచ్ ఉన్న వైపు ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. యూపీఐలో కడితే ఏ కొట్టు, ఏ రోజు అన్నది మీ ఫోన్లోనే ఉంటుంది. అది కూడా సాక్ష్యమే. ఎలక్ట్రిక్ సామాను, బొమ్మలు అయితే ఐఎస్ఐ గుర్తు కింద లైసెన్స్ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఎవరూ పలక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

గృహిణి: ఇప్పుడు నేను బ్యాచ్ ముక్క కత్తిరించి డబ్బాలోనే వేస్తున్నాను. మా అత్తగారు మొదట్లో నవ్వారు. మొన్న ఆవిడ కందిపప్పు డబ్బా మూత తీస్తే పైనే ఒక ముక్క ఉంది.

యాంకర్: చివరగా మీరు, సార్. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బ్యాచ్ నంబరుకు గడి లేదా?

డిస్ట్రిబ్యూటర్: ఉండే ఉంటుందండీ. నేను బిల్లులు కొట్టి పదేళ్ళయింది. ఉండండి, మా గోడౌన్ కుర్రాడికి ఫోన్ చేస్తాను. (స్పీకర్ ఆన్ చేశారు) ఒరేయ్, బిల్లు కొట్టేటప్పుడు బ్యాచ్ అని గడి వస్తుందా?

ఫోన్లో గొంతు: వస్తుందయ్యా.

డిస్ట్రిబ్యూటర్: చూశారా! అందులో ఏం కొడుతున్నావురా?

ఫోన్లో గొంతు: ఖాళీగా వదిలితే బిల్లు ముందుకు పోదయ్యా. అందుకని అన్నిటికీ ఒకటి అని కొట్టేస్తున్నాను.

డిస్ట్రిబ్యూటర్: అన్నిటికీనా?

ఫోన్లో గొంతు: నేను చేరినప్పటి నుంచీ అంతేనయ్యా. పాత కుర్రాడు అలాగే నేర్పాడు.