కోల్డిట్జ్ కోట నుంచి కామన్స్ సభ దాకా: ఏరీ నీవ్

సభకు నమస్కారం.

మార్గరెట్ థాచర్ పేరు వినని వాళ్లు ఈ హాల్లో ఉండరు. 1975లో ఆమె కన్జర్వేటివ్ పార్టీ పగ్గాలు చేపట్టడానికి వెనకుండి ఓట్లు కూడగట్టిన ఏరీ నీవ్ పేరు మాత్రం మనవైపు విన్నవాళ్లు తక్కువ. ఆయన గురించి రాసిన వాళ్లంతా ధైర్యాన్ని పొగుడుతారు. ధైర్యం ఉంది, కాదనను. కానీ ఆయన అసలు బలం వేరు. ఒక పని ఎక్కడ చెడిందో పట్టుకుని, రెండోసారి సరిగ్గా ఆ ఒక్కచోటు సరిచేసుకునేవాడు. ఈరోజు ఆ కోణంలోనే ఆయన జీవితం చెబుతాను.

1916లో లండన్‌లో పుట్టాడు. ఈటన్‌లో చదివే రోజుల్లో, 1933లో, కొంతకాలం జర్మనీలో ఉండి భాష నేర్చుకున్నాడు. హిట్లర్ గద్దెనెక్కిన ఏడాది అది. ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివాడు. యుద్ధం మొదలయ్యాక రాయల్ ఆర్టిలరీలో సెర్చ్‌లైట్ దళంలో అధికారి. విమానాల కోసం ఆకాశంలోకి లైట్లు వేయాల్సిన ఆ దళాన్ని 1940 మేలో ఫ్రాన్స్‌లోని కలే రేవు కాపాడటానికి వీధి పోరాటంలోకి దింపారు. నీవ్ గాయపడి జర్మన్లకు చిక్కాడు. 1941 ఏప్రిల్‌లో పోలండ్‌లోని థార్న్ శిబిరం నుంచి పారిపోయి మళ్లీ పట్టుబడ్డాడు. అలా పదేపదే పారిపోయే అధికారుల కోసమే కేటాయించిన, జర్మనీలోని కోల్డిట్జ్ కోటకు తరలించారు.

అక్కడ మొదటి ప్రయత్నం 1941 ఆగస్టు 28న. పోలండ్ సైనికుడి కోటుకు నాటకాల తెరలకు వాడే రంగు పూసి జర్మన్ యూనిఫాం తయారు చేసుకున్నాడు. గదిలో మామూలు వెలుతురులో అది నమ్మేలాగే ఉంది. ఆవరణలో ఫ్లడ్‌లైట్ల కింద అడుగుపెట్టగానే పచ్చగా మెరిసిపోయింది. గేటు దాటాడో లేదో పట్టేశారు. వేసుకోబోయే చోటి వెలుతురులో బట్టను పరీక్షించకపోవడమే తప్పు.

రెండో ప్రయత్నంలో ఈ లోపాలన్నీ పోయాయి. 1942 జనవరి 5 రాత్రి టోనీ లూటైన్ అనే డచ్ అధికారితో కలిసి బయల్దేరాడు. ఈసారి రంగు పూయాల్సిన పనే లేదు. డచ్ సైనికుల పొడవాటి కోట్లు సహజంగానే జర్మన్ కోట్లకు దగ్గరగా ఉంటాయి. బ్యాడ్జీలు లినోలియం ముక్కల్ని కోసి చేశారు. దారి కూడా మారింది. ఖైదీల నాటకశాలలో వేదిక కింద కన్నం చేశారు. దాని అవతల ఉన్న నడవ గేటు మీదుగా జర్మన్ కాపలా గదులున్న భవనానికి వెళుతుంది. అంటే వీళ్లు ఖైదీల ఆవరణలోంచి గేటువైపు నడిచి రాలేదు. జర్మన్ల భవనం మెట్లు దిగి, డ్యూటీ ముగించుకున్న అధికారుల్లా బయటికి వచ్చారు. ఎటునుంచి వస్తున్నారన్నదే సగం వేషం. ఆపైన కందకంలోకి దిగి, గోడ ఎక్కి, మంచులో లైస్నిగ్ స్టేషన్‌కు నడిచారు.

అక్కడి నుంచి వేషం మారింది. ఇప్పుడు ఇద్దరూ డచ్ కార్మికులు. అప్పట్లో జర్మనీ నిండా విదేశీ కూలీలే. నీవ్ జర్మన్ యాసలో తేడా ఉన్నా డచ్చివాడి యాస అనుకుంటారు. ఇంత ఆలోచించినా లైప్‌జిగ్ స్టేషన్లో చిన్న పొరపాటు జరిగింది. నీవ్ జేబులోంచి రెడ్‌క్రాస్ చాక్లెట్ బిళ్ల తీసి తినబోయాడు. యుద్ధకాలపు జర్మనీలో అంత చాక్లెట్ చూసి ఎన్నాళ్లయిందో! చుట్టూ ఉన్నవాళ్లంతా కళ్లప్పగించి చూశారు. వెంటనే అక్కడి నుంచి తప్పుకున్నారు.

ఉల్మ్‌లో అసలు గండం. స్విస్ సరిహద్దు దగ్గరున్న సింగెన్‌కు నేరుగా టికెట్ అడిగారు. గుమాస్తాకు అనుమానం వచ్చింది. పోలీసులు కార్మిక కార్యాలయానికి తీసుకెళితే వెనక దారిన జారుకున్నారు. తర్వాత వేరే చిన్న స్టేషన్‌కు నడిచి, అక్కణ్నుంచి స్టోకాహ్‌కు మాత్రమే టికెట్ కొన్నారు. మిగతా దారంతా కాలినడకే. అలా స్విట్జర్లాండ్ చేరారు. కోల్డిట్జ్ నుంచి పారిపోయి ఇల్లు చేరిన మొదటి బ్రిటిష్ అధికారి నీవ్. వీళ్ల వెనకే అదే కన్నంలోంచి వచ్చిన మరో జంట ఉల్మ్‌లోనే దొరికిపోయింది. వాళ్లూ అదే ఊళ్లో అదే టికెట్ అడిగారు మరి.

ఇంగ్లండ్ చేరాక ఎంఐ9లో చేరాడు. శత్రు భూభాగంలో కూలిన విమానాల సిబ్బందిని వెనక్కి తెచ్చే రహస్య విభాగం అది. ఆయన మారుపేరు ‘శనివారం’. ఇక్కడ ఒక్క ఘట్టం మీదే ఆగుతాను. 1944 మధ్య నాటికి మిత్రపక్షాల బాంబులే ఫ్రాన్స్ రైలు మార్గాల్ని తెంచేశాయి. వైమానికుల్ని స్పెయిన్ దాకా చేర్చే పాత దారి ఇక పనికిరాదు. అందుకని వాళ్లను కదిలించకుండా, సైన్యాలు వచ్చేదాకా ఫ్రెటెవాల్ అడవిలో దాచిపెట్టారు. ఆగస్టులో నీవ్ బస్సులు సమకూర్చుకుని వెళ్లి 130 మందికి పైగా తీసుకొచ్చాడు. అదే ఏడాది అక్టోబరులో, నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ యుద్ధంలో ఓటమి తర్వాత దాక్కున్న 138 మందిని ఒక్క రాత్రిలో రైన్ నది దాటించారు. నవంబరులో మళ్లీ ప్రయత్నిస్తే దాదాపు పూర్తిగా విఫలమైంది. ఈలోగా మొదటి విజయం సంగతి బయటికి పొక్కింది, జర్మన్లు అప్రమత్తమయ్యారు. గుట్టు ఎంత విలువైనదో ఆయనకు జీవితాంతం గుర్తుండిపోయింది.

1945 అక్టోబరులో న్యూరెంబర్గ్ జైల్లో విచారణ ఎదుర్కోబోతున్న నాజీ నేతలు గోరింగ్, హెస్ తదితరుల గదులకు వెళ్లి అభియోగ పత్రాలు స్వయంగా అందించింది ఈయనే. అప్పటికి వయసు 29.

ఇక రాజకీయం. 1950లో థరాక్‌లో, 1951లో ఈలింగ్ నార్త్‌లో ఓడిపోయి, 1953 ఉప ఎన్నికలో అబింగ్డన్ నుంచి కామన్స్ సభకు వచ్చాడు. సహాయమంత్రి స్థాయికి ఎదిగాడు గానీ 1959లో గుండెపోటు రావడంతో పదవి వదిలేశాడు. ఆ తర్వాత చేసిన పనుల్లో జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరం బాధితుల పోరాటం నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. నాజీ బాధితుల పరిహారం కోసం జర్మనీ 10 లక్షల పౌండ్లు ఇచ్చింది. మీరున్నది అసలు శిబిరంలో కాదంటూ విదేశాంగ శాఖ కొందరికి డబ్బు నిరాకరించింది. నీవ్ ఆ ఫిర్యాదును కొత్తగా ఏర్పడిన పార్లమెంటరీ అంబుడ్స్‌మన్ ముందు పెట్టాడు. మన లోకాయుక్తకు పౌరుడే నేరుగా అర్జీ ఇవ్వొచ్చు. అక్కడ ఎంపీ ద్వారానే వెళ్లాలి, కాబట్టి పట్టుబట్టే ఎంపీ లేకపోతే ఆ తలుపు తెరుచుకోదు. తప్పు శాఖదేనని తేలింది, బాధితులకు డబ్బు అందింది.

ఇక 1975. పార్టీ నాయకుడు ఎడ్వర్డ్ హీత్ 1974లో రెండు సార్వత్రిక ఎన్నికలు ఓడాడు. పార్టీ నాయకత్వం కోసం ఆయన మీద థాచర్ పోటీకి దిగారు. ఓటర్లు 276 మంది కన్జర్వేటివ్ ఎంపీలు. మొదటి విడతలో గెలవాలంటే సగానికి మించిన ఓట్లు, పైగా మొత్తం ఓటర్లలో 15 శాతం ఆధిక్యం కావాలి. పార్టీ సీనియర్ నేత విలియం వైట్‌లా అంటే ఇష్టపడేవాళ్లు చాలామంది. కానీ హీత్ బరిలో ఉండగా ఆయన పోటీకి రానన్నాడు. నీవ్ ఈ ముడిని పట్టుకున్నాడు. హీత్ వద్దు, థాచర్ మీదా నమ్మకం లేదు అనేవాళ్లకు చెప్పిన మాట ఒకటే: హీత్ తప్పుకుని వైట్‌లా లాంటివాళ్లు దిగే రెండో విడత రావాలంటే మొదటి విడతలో ఆమెకు వేయక తప్పదు.

లెక్క మాత్రం చాలా కఠినంగా నడిపాడు. ఒక ఎంపీ మాటిస్తే సరిపోదు. ఇంకొకరు వెళ్లి వేరే విధంగా కదిపి చూడాలి, రెండు జవాబులూ కలిస్తేనే పేరు జాబితాకెక్కుతుంది. హీత్ మనుషులు నోటిమాటల్నే ఓట్లుగా లెక్కేసుకున్నారు. నీవ్ చేతిలో లెక్క 120 దరిదాపుల్లో ఉంటే, బయట 70 అన్న మాటే ప్రచారంలోకి వచ్చింది. ఆమె ఎలాగూ గెలవదు, హీత్‌కు ఒక హెచ్చరిక చేద్దాం అనుకున్నవాళ్లు ధైర్యంగా ఆమెకు వేశారు. ఫిబ్రవరి 4న థాచర్‌కు 130, హీత్‌కు 119, హ్యూ ఫ్రేజర్‌కు 16 వచ్చాయి. హీత్ తప్పుకున్నాడు. వైట్‌లా వచ్చేసరికి ఆలస్యమైపోయింది. 11న థాచర్ 146, వైట్‌లా 79.

ఇది మోసం కాదా అని అడిగేవాళ్లున్నారు. తోటి సభ్యుల్ని తప్పుడు అంచనాలో ఉంచడం తప్పేనని నా అభిప్రాయం. యుద్ధంలో శత్రువు మీద వాడిన గుట్టును సొంత పార్టీ మీద వాడాడు.

థాచర్ గెలిచాక, ప్రతిపక్షంలో నీవ్ కోరుకున్న బాధ్యత ఉత్తర ఐర్లండ్ వ్యవహారాలు. సాయుధ సంస్థల మీద భద్రతా చర్యలు గట్టిగా ఉండాలన్నది ఆయన వైఖరి. 1979 మార్చి 28న లేబర్ పార్టీ ప్రధాని కాలహన్ ప్రభుత్వం 311-310తో, ఒక్క ఓటు తేడాతో కూలింది. రెండు రోజులకు, 30న, మధ్యాహ్నం మూడు కావస్తుండగా పార్లమెంటు భూగర్భ కార్ పార్కింగ్ నుంచి ఏటవాలు దారిలో ఆయన కారు పైకెక్కుతోంది. కింద అమర్చిన బాంబులో పాదరసం మీట ఉంది. కారు ఏటవాలుగా వంగగానే పాదరసం జరిగి కరెంటు కలుస్తుంది. బాంబు పేలింది. నీవ్ ఆస్పత్రిలో కన్నుమూశాడు. ఐరిష్ సాయుధ సంస్థ ఐఎన్ఎల్ఏ (ఐరిష్ నేషనల్ లిబరేషన్ ఆర్మీ) ఆ పని తమదేనని ప్రకటించుకుంది. ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు.

మే 4న థాచర్ ప్రధాని అయ్యారు. నీవ్‌కు అనుకున్న శాఖ హంఫ్రీ అట్కిన్స్‌కు వెళ్లింది. భార్య డయానా అదే ఏడాది ప్రభువుల సభలోకి వచ్చారు. కామన్స్ సభ గోడ మీద నీవ్ వంశచిహ్నంతో ఒక డాలు బిగించారు.