రాబందు మీద మందు దెబ్బ

అందరికీ నమస్కారం.

2012 అక్టోబర్‌లో మన హైదరాబాద్‌లోని హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలోనే అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సు జరిగింది. జీవవైవిధ్యాన్ని కాపాడేందుకు పేద దేశాలకు ఇచ్చే సాయాన్ని 2015 కల్లా రెట్టింపు చేస్తామని ధనిక దేశాలు అక్కడ ఒప్పుకున్నాయి. డబ్బు కావాల్సిందే, కాదనను. కానీ ఈరోజు నేను రాబందులను దెబ్బతీసిన ఒక ఇంజెక్షన్ గురించి మాట్లాడతాను.

ఊరి బయట పశువు కళేబరం పడేస్తే, పూట తిరిగేసరికి ఎముకలు మాత్రమే మిగిల్చేవి రాబందులు. అలాంటిది 1990ల నుంచి దేశంలో తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. ఎవరూ వేటాడలేదు. చచ్చిన పక్షుల పొట్ట కోసి చూస్తే కాలేయం మీద, కిడ్నీల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. అది పేరుకుపోయిన యూరిక్ యాసిడ్. పశువుల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలి, తిన్న పక్షి కిడ్నీలను పాడు చేస్తోందని 2004లో తేలింది. 2006లో కేంద్రం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది.

సమస్య అక్కడితో తీరలేదు. మనుషులకు అమ్మే డైక్లోఫెనాక్ 30 ఎంఎల్ సీసా పశువులకు వాడటం మొదలైంది. గేదెకు సరిపడా డోసు ఒక్క సీసాలోనే దొరికితే ఎవరు వదులుకుంటారు? 2015లో మనుషుల ఇంజెక్షన్‌ను 3 ఎంఎల్‌కు పరిమితం చేశాకే ఆ దొడ్డిదారి ఇరుకైంది. ఆ తర్వాత 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులు కూడా పశువులకు వాడకూడదన్నారు. ఒక్కో మందునూ వెంటాడి ఆపాల్సి రావడం, నిజం చెప్పాలంటే, విసుగు పుట్టించే పని. దానికి ఫొటోలు రావు, రిబ్బన్ కటింగ్ ఉండదు. కానీ రాబందులకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఇదే.

మన నెహ్రూ జూలోనూ రాబందుల సంతానోత్పత్తి కేంద్రం ఉంది. మంచిదే. అయితే రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పిల్ల ఎదిగి జత కట్టడానికి ఐదేళ్ల దాకా పడుతుంది. బయట విషం ఉండగా జూలో ఎన్ని పెంచి వదిలినా ఏం లాభం? మూషిక జింకల సంగతి వేరు. 2010లో ఇదే జూలో వాటి పెంపకం మొదలుపెట్టి, తర్వాత అమ్రాబాద్ అడవిలో వదిలారు. అక్కడ వాటికి కావలసిన అడవి ఇంకా మిగిలి ఉంది.

ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందులు కనిపించాయి. అటువైపు మీకు చుట్టాలుంటే ఒక్క పని చేయండి. గేదెకు నొప్పుల సూది వేయించేటప్పుడు మెలాక్సికామ్ వేయమని పశువుల డాక్టర్‌ను అడగమనండి. అది రాబందులకు హాని చేయదు, మందుల షాపుల్లో దొరుకుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.