రైఫిల్ పని ఇంట్లోనా, గన్‌స్మిత్ దగ్గరా? ఈ టార్క్ డ్రైవర్ నా లెక్క మార్చింది

విన్నారా ఆ శబ్దం? ఉండండి, మైక్ దగ్గరికి తెచ్చి ఇంకోసారి వినిపిస్తాను. టక్. అంతే. ఈ వీడియోలో సగం ఈ టక్ గురించే మాట్లాడతాను.

నమస్కారం అండీ. ముందుగా ఒక విషయం చెప్పేస్తాను. ఈ టార్క్ స్క్రూడ్రైవర్, అంటే మనం సెట్ చేసిన బలం దాకా బిగించి, ఆపైన టక్‌మని జారిపోయే స్క్రూడ్రైవర్, నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు పంపించారు. డబ్బులేమీ తీసుకోలేదు. ఏం చెప్పాలో వాళ్లు రాసివ్వలేదు, ఈ వీడియో వాళ్లకు ముందుగా చూపించడం కూడా లేదు. బాక్స్‌లో ఎన్ని బిట్స్ వచ్చాయి, రేంజ్ ఎంత, బరువెంత అనేవి ఈపాటికి మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. ఆరు వారాలు వాడాను. వాడాక నాకేమనిపించిందో చెప్తాను.

టేబుల్ మీద రైఫిల్ ఉంది కాబట్టి ఇది కూడా చూపించాలి. బోల్ట్, అంటే వెనక నుంచి మూసే కడ్డీ, తీసి పక్కన పెట్టాను, ఇదిగో. తూటా కూర్చునే ఛాంబర్ కంటితో చూశాను, వేలు పెట్టి కూడా చూశాను, ఖాళీ. తూటాలు ఈ గదిలోనే లేవు. ఒక్క స్క్రూ తిప్పాలన్నా సరే, ముందు ఇవన్నీ అయ్యాకే చేతిలోకి పనిముట్టు తీసుకోండి.

సరే, అసలు ఈ పనిముట్టు మీద నాకు ఎందుకింత ఇష్టం పెరిగిందో చెప్పాలంటే నా మొదటి ఎయిర్ రైఫిల్ దగ్గరికి వెళ్లాలి. అది స్ప్రింగ్‌తో పనిచేసేది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ వాడినవాళ్లకు తెలుసు, అది ముందు వెనక్కి తన్ని, వెంటనే ముందుకి కూడా తంతుంది. మామూలు రైఫిల్ మీద ఏళ్ల తరబడి నిలిచే స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి కూడా దాని మీద పాడైపోవచ్చు. నా స్కోప్ రోజూ కొద్దికొద్దిగా వెనక్కి జరిగేది. జరిగిందని గట్టిగా బిగించాను. మళ్లీ జరిగింది, ఇంకా గట్టిగా బిగించాను. చివరికి జరగడం ఆగింది కానీ జూమ్ రింగ్ తిరగడం మానేసింది. స్కోప్ ఊడదీసి చూస్తే గొట్టం మీద, దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగ్ అంచులు దిగిన రెండు గీతలు. వేలితో తడిమితే గోరు ఆగేంత లోతు. స్కోప్ గొట్టం అంటే పలుచటి అల్యూమినియం అండీ, లోపల లెన్సులు పట్టుకున్న ఇంకో చిన్న గొట్టం కదులుతూ ఉండాలి. బయట నొక్కేస్తే లోపల బిగుసుకుపోతుంది. ఆ స్కోప్ మళ్లీ పనికి రాలేదు.

రింగ్ స్క్రూలకు చాలా కంపెనీలు చెప్పే టార్క్, అంటే తిప్పే బలం లెక్క, 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు. ఇది ఎంత తక్కువో చేతికి తెలియాలి. మూడు అంగుళాల కీ చివర ఆరు పౌండ్ల బలం, అంటే దాదాపు 2.7 కిలోలు. ఒక్క వేలితో నెట్టగలం. మనం పిడికిలితో పట్టుకుని పళ్లు బిగించి తిప్పుతాం! రెట్టింపు దాటిపోయిందని కూడా తెలియదు. చేతి అంచనాకి ఇంకో ఇబ్బంది ఏమిటంటే, పొద్దున బిగించిన పట్టు, సాయంత్రం అలసిపోయి బిగించిన పట్టు ఒకటి కాదు. నాలుగు స్క్రూలూ నాలుగు రకాలుగా ఉంటాయి.

ఇప్పుడు చూడండి. 18 దగ్గర పెట్టాను. ఎదురెదురు మూలల స్క్రూలు మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగిస్తున్నాను. రింగ్ రెండు వైపులా సందు సమానంగా ఉండాలి, అది కంటితో చూసుకుంటూ వెళ్లాలి. ఇదిగో ఇక్కడ బరువు తెలుస్తోంది... టక్. పిడి జారింది, స్క్రూ కదలలేదు. నాలుగు స్క్రూలూ అదే టక్. నాకున్న టెన్షన్ అంతా ఆ శబ్దంతోనే పోయింది. ఒకప్పుడు రింగ్స్ బిగించి రాత్రి పడుకుంటే, ఎక్కువైందా తక్కువైందా అని లేచి మళ్లీ చూసేవాణ్ణి.

స్క్రూ వదులవకుండా మరకి పూసే జిగురు, లాక్‌టైట్ గురించి చాలామంది అడుగుతుంటారు. రింగ్స్ కూర్చునే బేస్‌ని రైఫిల్‌కి బిగించే స్క్రూలకు నీలం రంగుది చుక్క సరిపోతుంది. ఎరుపు రంగుది పెట్టకండి, వేడి చేస్తే తప్ప ఊడిరాదు. ఇంకోటి, మరకి ద్రవం తగిలితే రాపిడి తగ్గుతుంది, అదే టార్క్‌కి స్క్రూ ఇంకా ఎక్కువ బిగుస్తుంది. కంపెనీ ఇచ్చిన అంకె పొడి మరకా, తడి మరకా అన్నది చదివి చూసుకోండి. బేస్ స్క్రూలు చాలా రైఫిళ్లకు 6-48 సైజు, అంటే మూడున్నర మిల్లీమీటర్ల లావు, అంగుళానికి 48 మరలు. ఇంత సన్నటి మర రిసీవర్‌లో, అంటే బేస్ కూర్చునే రైఫిల్ లోహపు భాగంలో పోయిందంటే ఇక ఇంట్లో చేయగలిగింది లేదు. గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లి పెద్ద సైజు మర వేయించుకోవాలి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. ఈ స్కేల్. కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. పిడి మీద ఇంత చిన్న కిటికీ, లోపల గీత. 15కి గీత ఉంది, 20కి గీత ఉంది. మధ్యలో? ఏమీ లేదు. రింగ్ స్క్రూలకు మనకు కావాల్సిందంతా ఆ మధ్యలోనే ఉంది కదా! 18 అంటే ఎక్కడో అంచనా వేసుకోవాలి. పైగా గీత కిటికీకి లోపలగా ఉంది, తల కొంచెం పక్కకి వంచితే 18 కాస్తా 17 అయిపోతుంది. అంచనా తీసేయడానికి తయారైన వస్తువులో చివరికి అంచనా మిగిల్చారు. నేను నెత్తి సరిగ్గా పైన పెట్టి, ఒక కన్ను మూసి సెట్ చేస్తున్నాను. రెండో వైపు న్యూటన్ మీటర్ల స్కేల్ కూడా ఉంది, తొందరలో దాన్ని చూసి సెట్ చేయకండి. 18 అంగుళం-పౌండ్లంటే రెండు న్యూటన్ మీటర్లే. గీతకో చిన్న రంగు, రెండు గీతల మధ్య నాలుగు చుక్కలు వేస్తే వీళ్ల సొమ్మేం పోయేది?

భుజానికి ఆనించే స్టాక్‌ని, బోల్ట్ కదిలే లోహపు భాగం యాక్షన్‌ని కలిపే స్క్రూల దగ్గర ఆ బాధ లేదు. అక్కడ 40 నుంచి 65 మధ్య ఉంటుంది, గీతలు సరిపోతాయి. ఈ స్క్రూలు వదులుగా ఉంటే తూటాలు ఒకచోట పడవు. తూటా తప్పు, స్కోప్ తప్పు అని తిరిగి తిరిగి చివరికి ఇక్కడికొచ్చినవాళ్లు చాలామంది. అయితే ఉత్త చెక్క స్టాక్ అయితే 65కి పోకండి, చెక్క నలుగుతుంది. స్క్రూ చుట్టూ అల్యూమినియం పిల్లర్లు, అంటే చిన్న గొట్టాలు ఉంటేనే ఆ అంకె.

ఇక అందరూ అడిగే ప్రశ్న. ఇలాంటి పనిముట్లు వచ్చాక తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ ఎందుకండీ, మనమే చేసుకోవచ్చు కదా అని. దీనికి నా దగ్గర ఒక అనుభవం ఉంది. ఇప్పుడు చెప్తుంటే కూడా ఒళ్లు జలదరిస్తుంది.

కొన్నేళ్ల క్రితం నా బోల్ట్ యాక్షన్ రైఫిల్ ట్రిగ్గర్ బరువుగా ఉందని నేనే విప్పాను. తేలికపాటి స్ప్రింగ్ వేసి, లోపలి సర్దుబాటు కూడా మార్చాను. ట్రిగ్గర్ అద్భుతంగా తయారైంది, వేలు ఆనిస్తే చాలు. సంబరంగా నా గన్‌స్మిత్ పెద్దాయనకి చూపించాను. ఆయన ఏమీ అనలేదు. ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నారు. బోల్ట్ మూసి, సేఫ్టీ తీసి, రైఫిల్‌ని నిలువుగా పట్టుకుని, స్టాక్ వెనక కొసని రబ్బరు చాప మీద ఒక జానెడు ఎత్తు నుంచి దించారు. టక్. తూటాని పేల్చే ఫైరింగ్ పిన్ దానంతటదే ముందుకి దూకింది. ట్రిగ్గర్ మీద వేలే లేదు. మళ్లీ పిన్‌ని వెనక్కి లాగి పెట్టి, ఈసారి బోల్ట్ కొంచెం విసురుగా మూశారు. మళ్లీ అదే. "బాబూ, ఇది ఛాంబర్‌లో తూటా ఉన్నప్పుడు జరిగితే?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. అంతకుముందు ఆదివారం దానితోనే రేంజ్‌కి వెళ్లొచ్చాను, నా పక్కన మనుషులున్నారు.

ట్రిగ్గర్ లోపల రెండు ఉక్కు అంచులు ఒకదాని మీద ఒకటి ఆనే చోటు చాలా చిన్నది. మనం ఆకురాయితో రెండుసార్లు రుద్దితే గట్టిపడిన పైపొర పోతుంది, కోణం మారుతుంది. ఆ రోజు బాగానే ఉంటుంది, కొన్నాళ్లు కాల్చాక అరిగి జారవచ్చు. ఫ్యాక్టరీలకే ఇది తప్పలేదు. 2014లో రెమింగ్టన్ కంపెనీ ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లను వెనక్కి పిలిచింది. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 దాకా తయారైనవి. ట్రిగ్గర్ కూర్చేటప్పుడు వాడిన అతికించే ద్రవం ఎక్కువ పడటం వల్ల, నొక్కకుండానే పేలే అవకాశం ఉందన్నారు. కాస్త ద్రవం ఎక్కువైతేనే అలా! అందుకే నేను ట్రిగ్గర్ లోపలికి లాక్‌టైట్ సీసా, నూనె డబ్బా ఏదీ పోనివ్వను. బయట స్క్రూ ఇచ్చి, మీరే సర్దుకోండి అని కంపెనీయే మాన్యువల్‌లో రాసినంత వరకే చేస్తాను.

బ్యారెల్ మార్చడం అంతకంటే పెద్ద పని. మూసిన బోల్ట్ ముఖానికీ, ఛాంబర్‌లో తూటాని ఆపే చోటుకీ మధ్య దూరం హెడ్‌స్పేస్. దాన్ని తూటా ఆకారపు ఉక్కు గేజ్‌లతో కొలుస్తారు. .308 విన్చెస్టర్ అనే తూటాకి గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో గేజ్ 1.634. తేడా 0.1 మిల్లీమీటరు, మీరు ప్రింట్ తీసుకునే కాగితం మందం. మొదటి గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. ఆ తూటాకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు, మీ ముఖానికి జానెడు దూరంలో. గేజ్‌లు, లేత్ లేకుండా ఇది ఇంట్లో చేసే పని కాదు. బ్యారెల్ మూతి అంచు, క్రౌన్ అంటారు, అదీ అంతే. చుట్టూ ఒకే తీరుగా లేకపోతే తూటా బయటపడేటప్పుడు వెనకాల గ్యాస్ ఒకవైపు ముందుగా తన్నుకొస్తుంది. ఇక బ్యారెల్ పొడవు తగ్గించడం లాంటివి చాలా దేశాల్లో నేరం కూడా, మీ లైసెన్స్ నిబంధనలు చదవకుండా ముట్టుకోకండి.

బెడ్డింగ్ మాత్రం మధ్యస్థం. ఎపాక్సీ వేసి యాక్షన్‌ని స్టాక్‌లో కుదురుగా కూర్చోబెట్టడం. ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లో చేస్తారు, చక్కగా చేస్తారు కూడా. భయం ఒక్కటే. అంటుకోకుండా పూసే పదార్థం ఎక్కడైనా తప్పిపోయినా, యాక్షన్‌లోని చిన్న గుంటలోకి ఎపాక్సీ దిగి గట్టిపడినా, రెండూ కలిసి ఒకటే ముక్క అయిపోతాయి. మొదటిసారి అయితే పాత స్టాక్ మీద నేర్చుకోండి, లేదా ఇచ్చేయండి.

నేను పెట్టుకున్న గీత ఇది. ఇప్పితే మళ్లీ మొదటికొచ్చేది, నా దగ్గర కొలిచే పనిముట్టు ఉన్నది, నేను చేస్తాను. లోహం అరగాల్సింది ఏదైనా పెద్దాయన దగ్గరికే.

అందుకే ఈ డ్రైవర్ నాకు బాగా నచ్చింది. స్కోప్, బేస్, యాక్షన్ స్క్రూలు, ఈ మూడూ నా చేతికి వచ్చేశాయి. స్కేల్ మీద కోపం ఉంది, అది తగ్గదు. అయినా తీసుకోండి అనే చెప్తాను, ఒకటికి మించి స్కోప్‌లు ఉన్నవాళ్లయితే తప్పకుండా. దీని బిట్స్ కూడా స్క్రూ గాడిలో వదులు లేకుండా కూర్చుంటున్నాయి. మామూలు స్క్రూడ్రైవర్ కొస ఏటవాలుగా ఉండి పైకి జారుతుంది, స్క్రూ తల అరగ్గొడుతుంది. వీటితో ఒక్క తల కూడా పోలేదు. పని అయ్యాక స్ప్రింగ్ వదులయ్యేలా కింది అంకెకి తిప్పి పెట్టండి, ఇలా.

ఈ రైఫిల్ వచ్చే సోమవారం బెడ్డింగ్‌కి పెద్దాయన దగ్గరికి వెళ్తోంది. తిరిగొచ్చాక యాక్షన్ స్క్రూలు నేనే బిగిస్తానని అడిగాను. ఎంతకు బిగించాలో కాగితం మీద రాసిస్తానన్నారు.