ఎపిసోడ్: రాత్రిపూట ఫోన్ ఎత్తేవాళ్ళు

అక్క: హాయ్ అందరికీ, ఈసారి టాపిక్ యుద్ధం కాదు, అది అయిపోయాక మిగిలే పని. ఒప్పందం మీద సంతకాలు పెడతారు, చేతులు కలుపుతారు, ఫోటోలు దిగుతారు, టీవీవాళ్ళు కెమెరాలు సర్దేసుకుని వెళ్ళిపోతారు...

తమ్ముడు: మనం కూడా ఛానల్ మార్చేస్తాం, నిజం చెప్పాలంటే.

అక్క: మారుస్తాం రా, నేనూ అంతే. పశ్చిమ ఆఫ్రికాలో లైబీరియానే తీసుకో, అక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది. 2003లో తెల్ల టీషర్టులు వేసుకుని ముస్లిం ఆడవాళ్ళు, క్రైస్తవ ఆడవాళ్ళు కలిసి రోజూ రోడ్డు పక్కన కూర్చుని యుద్ధం ఆపమన్నారు, ఘనాలో చర్చలు సాగుతూనే ఉంటే అక్కడికీ వెళ్ళి హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు, వాళ్ళని నడిపించిన లేమా బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఒప్పందం ఆగస్టులో అయింది కదా, డిసెంబర్‌లో తుపాకులు అప్పగించే క్యాంప్ తెరిస్తే ఏమైందో తెలుసా?

తమ్ముడు: ఎవరూ రాలేదా?

అక్క: రివర్స్. అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది వచ్చిపడ్డారు, డబ్బుల దగ్గర గొడవ, కాల్పులు, మొత్తం ఆపేసి మళ్ళీ మొదలుపెట్టేసరికి 2004 ఏప్రిల్ వచ్చేసింది. చివరికి లక్ష మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. అంటే యుద్ధం ఆపడం ఒక పని, ఆగిన యుద్ధాన్ని ఆగినట్టే ఉంచడం ఇంకో పని, ఈ రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

తమ్ముడు: సరే, ఆ రెండో పని ఎలా ఉంటుంది? రోజువారీగా అడుగుతున్నా, ఉపన్యాసం వద్దు.

అక్క: అయితే వజీర్ వెళ్దాం. కెన్యాలో ఈశాన్యం మూల, సోమాలియా బోర్డర్ పక్కన. 1990ల మొదట్లో కరువు, పక్క దేశం నుంచి వచ్చిపడే తుపాకులు, సోమాలీ తెగల మధ్య చావులు. అక్కడ దేఖా ఇబ్రహీం అబ్ది అని ఒకావిడ. ఒకరోజు రాత్రి కాల్పులకి భయపడి పాపని తీసుకుని మంచం కింద దాక్కుందంట, పొద్దున్నే వాళ్ళమ్మ అందంట, నీ చిన్నప్పుడు నిన్నూ ఇలాగే మంచం కింద దాచాను అని.

తమ్ముడు: అబ్బా.

అక్క: ఆ మాట విన్నాక ఇక ఊరుకోలేకపోయింది. ఒక పెళ్ళిలో ఆడవాళ్ళంతా కలిసినప్పుడు ఇదే మాట్లాడుకున్నారు. ముందు ఏం పట్టుకున్నారంటే మార్కెట్. ఒక తెగావిడ దగ్గర ఇంకో తెగావిడ కొనకుండా, అమ్మకుండా అయిపోయింది పరిస్థితి. వీళ్ళు కమిటీ వేసుకుని రోజూ మార్కెట్లో కాపలా కాశారు, ఎవరైనా ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు అని.

తమ్ముడు: అంతేనా? చిన్న విషయంలా ఉంది.

అక్క: నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ రోజూ పొద్దున మార్కెట్ నడిస్తే రోజుకోసారి రెండు తెగలవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు కదా, వేరే ఎక్కడా ఆ అవకాశం లేదు. ఆ తర్వాత పెద్దమనుషుల దగ్గరకెళ్ళారు. ఇక్కడ వాళ్ళ తెలివి చూడు, మధ్యవర్తిగా పెద్ద తెగలవాళ్ళని కాదు, గొడవలో లేని చిన్న తెగ పెద్దాయన్ని ముందుపెట్టారు. ఆయన గెలిచేదీ లేదు ఓడేదీ లేదు. 1995కల్లా ఈ శాంతి కమిటీ జిల్లా యంత్రాంగంలో భాగమైపోయింది, ఎక్కడ పశువుల దొంగతనమో హత్యో జరిగినా పగ తీర్చుకునేలోపే అక్కడికి చేరుకునే టీం పెట్టుకున్నారు. దేఖాకి 2007లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు, అదే ప్రత్యామ్నాయ నోబెల్ అంటారు చూడు, అది వచ్చింది. 2011లో రోడ్డు ప్రమాదంలో చనిపోయింది.

తమ్ముడు: ఆ టీం అన్నావ్ చూడు, నార్తర్న్ ఐర్లాండ్‌లో అలాంటిదే ఉంది కదా, ఫోన్ల కథ. అది నేను చెప్తా. అక్కడి రాజధాని బెల్‌ఫాస్ట్‌లో, ఏళ్ళ తరబడి కొట్టుకున్న కాథలిక్ వీధులకీ ప్రొటెస్టెంట్ వీధులకీ మధ్య గోడలున్నాయి. ఆ గోడలకి రెండువైపులా పనిచేసే కమ్యూనిటీ వర్కర్లకి మొబైల్ ఫోన్లు ఇచ్చారు, అప్పటికి మొబైలంటే ఇంకా కొత్త. పిల్లలు రాళ్ళేస్తే, పుకారు లేస్తే, ఇటువాడు అటువాడికి ఫోన్ చేసి "మావాళ్ళని నేను చూసుకుంటా, మీవాళ్ళని నువ్వు పట్టుకో" అనడమే పని. ఆ వర్కర్లలో కొంతమంది ఒకప్పుడు సాయుధ గ్రూపుల్లో ఉండి జైలుకెళ్ళొచ్చినవాళ్ళు, అందుకే కుర్రాళ్ళు వింటారు.

అక్క: పని బాగా చేస్తే ఏమీ జరగదు, ఏమీ జరగనిదానికి ఫండింగ్ ఎవరిస్తారు చెప్పు, రిపోర్టులో ఏం రాస్తారు? రాత్రి ఫోన్ వచ్చింది, వెళ్ళాం, గొడవ అవలేదు, ఇంటికొచ్చి పడుకున్నాం అనా? ఈ విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది.

తమ్ముడు: కోపం సరే, నాకు ఇంతకుముందెప్పుడో చెప్పావు కదా, అక్కడి బురద నేలల సంగతి, అది చెప్పు.

అక్క: ఆ... గొడవల కాలంలో కొంతమందిని ఎత్తుకెళ్ళి చంపి రహస్యంగా పూడ్చేశారు. అక్కడ 1998లో శాంతి ఒప్పందం అయ్యాక, 1999లో వాళ్ళ అవశేషాలు వెతకడానికి ఒక కమిషన్ పెట్టారు. లిస్టులో మొత్తం 17 మంది, 13 మంది దొరికారు. తెలిసినవాళ్ళు వచ్చి ఫలానా చోట అని చెప్పొచ్చు, ఆ చెప్పినదాన్ని కోర్టులో వాడకూడదు, అదీ రూల్.

తమ్ముడు: ఆగు. అంటే చంపినవాడు తప్పించుకున్నట్టేగా?

అక్క: వేరే సాక్ష్యం ఉంటే కేసు పెట్టొచ్చు. కానీ ఈ సమాచారంతో కాదు.

తమ్ముడు: నాకు మింగుడుపడట్లేదక్కా.

అక్క: నాకూ పూర్తిగా పడట్లేదు. కానీ ఆ ఇళ్ళలో ముసలి తల్లులు అడిగింది ఎముకలు రా, పాతిపెట్టుకోవడానికి ఒక చోటు. సమాచారం ఇచ్చేవాళ్ళకి భయం ఉంటే ఆ ఎముకలు ఎప్పటికీ దొరకవు. ఇచ్చినా, ముప్పై నలభై ఏళ్ళ కిందటి జ్ఞాపకం, చీకట్లో పూడ్చిన చోటు, చెట్లు మారిపోయాయి, దారులు మారిపోయాయి. ఒకే పొలం పక్కన తవ్వి ఖాళీగా వెనక్కొచ్చి, కొన్నేళ్ళకి కొత్త మాట వినిపిస్తే మళ్ళీ అదే పీట్ నేలకి, అంటే ఆ బురద నేలకి వెళ్ళి, పొర తర్వాత పొర తీస్తారు.

తమ్ముడు: మిగిలిన నలుగురి కోసం?

అక్క: ఆ ఆఫీసు ఇంకా తెరిచే ఉంది. ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తుతారు.